ఆల్టోలు ఎక్కడ నిలబడ్డారు?

మంగళవారం పొద్దున సోల్వేగ్ ట్వైట్ షాపు తలుపును భుజంతో నెట్టుకుంటూ వచ్చేసరికి లోర్నా హౌకల ఒక ఆంప్లిఫయర్‌ని బల్ల మీద బోర్లించి, దాని కడుపులోని దుమ్ము బ్రష్షుతో దులుపుతోంది. సోల్వేగ్ చేతుల్లో అట్టపెట్టె ఉంది. ఆవిడ బూట్లకంటిన మంచును గుమ్మంలో మూడుసార్లు తట్టి, పెట్టెను నిద్రపోతున్న పిల్లిపిల్లను దించినంత మెల్లగా కౌంటర్ మీదకి దించింది.

"ఇది వెనక్కి ఇచ్చేద్దామని వచ్చాను. చెడిపోలేదు. నాకే పనికిరాలేదు."

కౌంటర్ వెనక బ్రెంట్ డాల్కీ చిరునవ్వుతో లేచాడు. అమెరికా ఉత్తరాన డులూత్‌లో సరస్సు వైపు దిగే వీధిలో ఉన్న ఆ షాపు అతని మేనమామ వాల్ట్ పెరాలాది. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అమ్ముతారు, బాగుచేస్తారు. బాగుచేసే బల్ల దగ్గర లోర్నా ఇరవయ్యారేళ్ళుగా ఉంది. అమ్మకాలు ఏడాదిగా బ్రెంట్ చూస్తున్నాడు. రిపేరుకొచ్చిన ప్రతి పెట్టెకీ కట్టే చీటీ మీద 'లాస్‌లెస్‌కు మారడం మంచిది' అని రాయమని లోర్నాకి రెండుసార్లు చెప్పాడు. ఆమె రెండుసార్లూ మర్చిపోయినట్టు ఊరుకుంది.

"ఏమయింది మేడమ్?"

"లాస్‌లెస్ పెట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుందన్నావు కదా నాయనా. మామూలుగా నెట్‌లో వచ్చే పాటని పిండి, కొంత పారేసి పంపిస్తారు, ఇందులో ఏదీ పారెయ్యకుండా మొత్తం వస్తుందన్నావు. మూడు వారాలు విన్నాను. కళ్ళు మూసుకుని విన్నాను, తెరిచి విన్నాను, వంటింట్లో నిలబడి విన్నాను. ఆ డబ్బా ఉన్నా లేకపోయినా నాకు ఒకలాగే ఉంది."

"ఇక్కడ మా షాపులో విన్నప్పుడు తెలిసింది కదా?"

"తెలిసింది. అదే నాకు అర్థం కావడం లేదు."

బ్రెంట్ జేబులోంచి ఫోన్ తీశాడు. "ఒక్క నిమిషం. చిన్న పరీక్ష." తెర మీద ఏదో నొక్కి ఫోన్‌ని ఆవిడ వైపు చాపాడు. "ఇది వినబడుతోందా?" వినబడుతోందని ఆవిడ తలూపింది. అతను మళ్ళీ నొక్కాడు. "ఇది?" దానికీ ఊపింది. మూడోసారి నొక్కి ఎదురుచూశాడు. రికార్డులు తిరగేస్తున్న ఒకాయన మొహం చిట్లించి, "అబ్బ, చెవిలో సూది పెట్టి పొడిచినట్టుంది, ఆపవయ్యా," అన్నాడు.

సోల్వేగ్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. "మొదలుపెట్టావా?" అంది.

షాపులో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో అనిపించింది లోర్నాకి. బ్రెంట్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సెకనుకి పన్నెండు వేల కంపనాలు మేడమ్ ఆ కూత. మీకు అందలేదు. డబ్బా బాగానే ఉంది. వయసు. చెవులకి మేం వారంటీ ఇవ్వలేం కదా!"

సోల్వేగ్ కౌంటర్ మీద చేతులు ఆనించింది. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. కొండ మీది లూథరన్ చర్చిలో పాడే బృందాన్ని, క్వయర్‌ని, నడిపేది ఆవిడే అని ఊళ్ళో సగం మందికి తెలుసు.

"నలభై ఒక్కేళ్ళు," అంది, ప్రత్యేకించి ఎవరితోనూ కాకుండా. "అయితే పాడేవాళ్ళు నా మొహం మీద చెప్పలేక ఊరుకుంటున్నారన్నమాట. ఆదివారం పాస్టర్‌తో చెప్పేస్తాను. ఈస్టర్‌కి ఇంకెవరినైనా చూసుకుంటారు."

పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక కూడా లోర్నా చేతిలో బ్రష్షు గాల్లోనే ఉంది. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. బ్రెంట్ మూడోసారి నొక్కినప్పుడు ఆమెకీ ఏమీ వినబడలేదు. ఆ మాట అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆమె ఆంప్లిఫయర్ కడుపులోకి చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం బ్రెంట్ ఒక డెలివరీ మీద వెళ్ళాడు. వాల్ట్ వెనక గదిలో సూప్ తాగుతున్నాడు. లోర్నా తన వోల్ట్‌మీటర్ తీసుకుని వినిపించే గదిలోకి వెళ్ళింది. మనిషి ఎత్తు స్పీకర్లు రెండు, వాటి ఎదురుగా తోలు సోఫా, మధ్యలో ఒక మీట. మీటని ఎడమకి తిప్పితే మామూలు స్ట్రీమింగ్ పెట్టె, కుడికి తిప్పితే లాస్‌లెస్ పెట్టె. కొనడానికి వచ్చినవాళ్ళని సోఫాలో కూర్చోబెట్టి బ్రెంట్ తిప్పేది ఈ మీటనే. కుడికి తిప్పగానే వాళ్ళ మొహాలు విచ్చుకునేవి.

ఆమె పాట పెట్టలేదు. రెండు పెట్టెల్లోనూ ఒకే స్థాయి కూత పెట్టి, స్పీకర్ వెనక తీగలు బిగించే చోట మీటర్ మొనలు ఆనించింది. ఎడమకి తిప్పి అంకె చూసింది. 1.13. కుడికి తిప్పింది. 1.31.

మళ్ళీ చూసింది. మీటర్ బ్యాటరీ మార్చి ఇంకోసారి చూసింది. అంకెలు కదల్లేదు. కుడివైపు పెట్టె కొంచెం గట్టిగా వాయిస్తోంది. గట్టిగా ఉందని ఎవరూ గుర్తుపట్టనంత కొంచెం. బాగుందని మాత్రం ప్రతివాళ్ళకీ అనిపించేంత కొంచెం.

సాయంత్రం అయిదింటికి షాపు మూశాక లోర్నా ఇంటికి వెళ్ళలేదు. సోల్వేగ్ ఇంటి ముందు కారు ఆపి, మీటరూ స్క్రూడ్రైవర్లూ ఉన్న సంచీ తీసుకుని గంట కొట్టింది.

ఆవిడ తలుపు తీసి, ఆశ్చర్యపోకుండా, "బూట్లు అక్కడ విప్పు. కాఫీ పెట్టాను," అంది. తరవాత ఆమె మొహం చూసి, "నువ్వు వెనక బల్ల దగ్గర ఉండే అమ్మాయివి కదూ," అంది. లోర్నాని అమ్మాయి అని ఎవరైనా పిలిచి చాలా ఏళ్ళయింది.

ముందుగదిలో పాత ఆంప్లిఫయర్, పుస్తకాల అరలో చిన్న స్పీకర్లు రెండు. లోర్నా మోకాళ్ళ మీద కూర్చుని తీగలన్నీ విప్పి చూసి, రాగి నల్లబడిన చోట కత్తిరించి మళ్ళీ బిగించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ కాఫీతో పాటు ఒక పళ్ళెంలో ఓట్స్ బిళ్ళలు పెట్టి, కుర్చీలో కూర్చుని ఆమె చేతులనే చూసింది.

"పొద్దున ఆ మూడో కూత," అంది లోర్నా, తల ఎత్తకుండా, "నాకూ వినబడలేదు."

"ఏమిటి?"

"నాకూ వినబడలేదండీ. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

సోల్వేగ్ కప్పు కిందపెట్టింది. "నన్ను ఓదార్చడానికి వచ్చావా?"

"కాదు. అది పన్నెండు వేలు. పియానోలో చిట్టచివరి మెట్టు మోగేది నాలుగు వేల చిల్లర. మీ క్వయర్‌లో ఎంత కీచు గొంతున్నవాళ్ళయినా ఆ మెట్టు దాకా పాడరు. అతను కొలిచినదానికీ మీరు చేసే పనికీ సంబంధం లేదు. పైగా మా షాపులో ఆ పెట్టె గట్టిగా వాయిస్తోంది. మీరు విన్న తేడా అదే. ఇంట్లో మీరు రెండూ ఒకేలా పెట్టుకుని ఉంటారు, అందుకే పోయింది."

ఆవిడ గొంతులో ఈసారి మెత్తదనం లేదు.

"చూడమ్మాయ్, పోయిన వారం నా సోప్రానోలు, ఆ పై గొంతుల ఆడవాళ్ళు, శ్రుతి దిగిపోతున్నారని రెండుసార్లు ఆపాను. ఇవాళ పొద్దుట్నుంచి ఒకటే ఆలోచన. నిజంగా దిగారా, నాకే అలా వినబడిందా? నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ అలా సర్ది చెప్పుకుని ఆ మనుషుల ముందు చెయ్యి ఎత్తలేను. నాకు రుజువు కావాలి. అటో ఇటో."

"శనివారం రాగలరా షాపుకి?"

"మళ్ళీ ఆ కుర్రాడి ముందా?"

"అతని ముందే."

బుధవారం లోర్నా సంగతంతా వాల్ట్‌కి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వినిపించే గదికి వెళ్ళి మీటర్ అంకెలు తనే రెండుసార్లు చూశాడు. తరవాత బ్రెంట్‌ని పిలిచాడు.

బ్రెంట్ అంకెల గురించి వాదించలేదు. "సరే, అది నాకు తెలీదు. సమం చెయ్యండి. సమం చేసినా నాకు తెలుస్తుంది," అన్నాడు. "ఏడాదిగా రోజూ వింటున్నాను మామయ్యా. ఆ సోఫాలో కళ్ళకి గంతలు కట్టి కూర్చోబెట్టు, ఇరవైకి ఇరవై చెప్తాను. లోర్నా, నీకు బల్ల దగ్గర పని తక్కువయిందా ఏంటి?"

"తక్కువే," అంది లోర్నా. "అందుకే శనివారం పెట్టుకుందాం."

అతను అబద్ధమాడడం లేదని ఆమెకి అప్పుడే అర్థమైంది. అతను నిజంగానే నమ్ముతున్నాడు.

గురు, శుక్రవారాలు ఖాళీ దొరికినప్పుడల్లా ఆమె ఒక రేకు డబ్బాలో మీట అమర్చింది. ఒకే రకం పెట్టెలు రెండు తీసుకుని, ఒకదాన్ని లాస్‌లెస్‌లోనూ ఇంకోదాన్ని మామూలు స్ట్రీమింగ్‌లో అన్నింటికన్నా మంచి స్థాయిలోనూ పెట్టింది. రెండూ ఒకేసారి ఒకే పాట వాయించేలా చేసి, గట్టిగా ఉన్నదాన్ని చిన్న గుండీతో తగ్గిస్తూ మీటర్‌లో రెండు అంకెలూ ఒకటయ్యేదాకా తిప్పింది. మీట నుంచి పొడవాటి తీగ లాగి వెనక గదిలో పెట్టింది. అక్కడ వాల్ట్ నాణెం ఎగరేస్తాడు. బొమ్మయితే ఒకటి, బొరుసయితే రెండోది. సోఫాలో ఉన్నవాళ్ళకి గానీ పక్కన నిలబడ్డ లోర్నాకి గానీ ఏది మోగుతోందో తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం, పరీక్ష తన షోరూముకి తగ్గట్టు ఉండాలని, బ్రెంట్ స్పీకర్లకి కొత్త తీగలు, బంగారు పూత ముళ్ళవి, తనే బిగించాడు.

శనివారం పదకొండింటికి గాలి సరస్సు మీదనుంచి ఈడ్చి కొడుతోంది. షాపులో ఆరుగురేడుగురు చేరారు. సూది పొడిచినట్టుందన్న రికార్డులాయన కూడా వచ్చాడు. సోల్వేగ్ కోటు విప్పకుండానే సోఫా మధ్యలో, చర్చి బల్ల మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది.

"ముందు మీరే కానివ్వండి మేడమ్," అన్నాడు బ్రెంట్, మర్యాదగానే.

నలభై గొంతుల బృందగానం మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. లోర్నా బెల్లు నొక్కింది. వెనక గదిలో వాల్ట్ మీట తిప్పాడు. మళ్ళీ బెల్లు, మళ్ళీ మీట. నాలుగోసారికి సోల్వేగ్ చెయ్యెత్తింది, పాడేవాళ్ళని ఆపినట్టు. లోర్నా తెలియకుండానే పాట ఆపేసింది.

"రెండూ ఒకటే," అంది ఆవిడ.

బ్రెంట్ గోడకి ఆనుకుని కొంచెం నవ్వాడు.

"కానీ రెండింట్లోనూ ఏదో తప్పుంది. ఆల్టోలు ఎక్కడ నిలబడ్డారు?"

"ఎవరండీ?"

"ఆల్టోలు. ఆడవాళ్ళలో కింది గొంతులవాళ్ళు. సోప్రానోలు ఎడమపక్క ఉండాలి, ఆల్టోలు వాళ్ళకి కుడిగా. ఇక్కడ వాళ్ళకి చోటే లేదు. నా తల వెనక ఎక్కడో ఉన్నారు, పక్క గదిలో ఉన్నారు, అంతటా ఉన్నారు. బాస్‌లకి, ఆ మగవాళ్ళ కింది గొంతులకి, కాళ్ళు లేవు. నలభై మందిని ఎవరూ ఇలా నిలబెట్టరు."

"మేడమ్, ఈ స్పీకర్ల జత ధరెంతో తెలుసా మీకు?" అన్నాడు బ్రెంట్. "ఈ గదిలో ఏడాదిగా ఎవరూ..."

"ఉండు," అంది లోర్నా.

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి సొరుగులోంచి గోడగడియారానికి వేసే బ్యాటరీ ఒకటి, రెండు ముక్కల తీగ తెచ్చింది. స్పీకర్ల గుడ్డ ముసుగులు ఊడదీసి, ఆంప్లిఫయర్ ఆపి, దాని వెనక ఎడమ స్పీకర్ తీగలు విప్పి, వాటి కొసలకి బ్యాటరీ తాకించింది. టక్ మంది. స్పీకర్ లోని పెద్ద అట్ట ముందుకి ఉబికింది. కుడి తీగలు విప్పింది. ఎర్ర దానికి అటు, నల్ల దానికి ఇటు, సరిగ్గా అలాగే తాకించింది. టక్ మంది. అట్ట వెనక్కి నొక్కుకుపోయింది.

"ఇంకోసారి చెయ్యి," అన్నాడు రికార్డులాయన ముందుకొచ్చి.

చేసింది. వెనక్కే వెళ్ళింది.

లోర్నా కుడి స్పీకర్ వెనక్కి పాకి చూసింది. కొత్త తీగల బంగారు ముళ్ళు మెరుస్తున్నాయి. ఎర్రది ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది. ఒక స్పీకర్ గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది. నిన్న మధ్యాహ్నం నుంచి. నిన్న సాయంత్రం ఆమె ఇదే గదిలో రెండు గంటలు కూర్చుని మీటర్‌లో అంకెలు చూసింది. ఒక్కసారి కూడా పాట వినలేదు.

"తీగలు తారుమారయ్యాయి," అంది మోకాళ్ళ మీదనుంచే. "నేనూ గమనించలేదు. ఆవిడ చెప్పేదాకా ఎవరమూ గమనించలేదు."

తీగలు మార్చి బిగించి పాట పెట్టింది. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. స్పీకర్ల మధ్య ఖాళీలో మనుషులు వచ్చి నిలబడ్డారు. రికార్డులాయన నోరు తెరుచుకుని, వేలితో కుడివైపు గాల్లో ఒక చోటు చూపించాడు. వెనక గదిలోంచి వాల్ట్ తల బయటపెట్టి, "ఏం చేశారు?" అన్నాడు.

"అదిగో," అంది సోల్వేగ్. కోటు గుండీలు విప్పుకుంది. "ఇప్పుడొచ్చారు. ఇప్పుడు పెట్టండి మీ పరీక్ష."

బ్రెంట్ గోడ దగ్గరనుంచి కదిలి ఆవిడ లేచిన చోట కూర్చున్నాడు. గంతలు తనే కట్టుకున్నాడు. మొదటి అయిదు చకచకా చెప్పాడు. ఆరోదానికి తటపటాయించాడు. పన్నెండో దగ్గర, "ఇంకోసారి వేస్తారా," అని అడిగాడు. ఇరవయ్యీ అయ్యాక వాల్ట్ నాణెం కాగితమూ లోర్నా జవాబుల కాగితమూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టారు. తొమ్మిది ఒప్పు. తరవాత సోల్వేగ్ కూర్చుంది. పదకొండు ఒప్పు.

"అంటే?" అంది ఆవిడ.

"అంటే ఇద్దరూ నాణెం ఎగరేసినట్టే. మంచి స్థాయిలో పంపినప్పుడు ఇక్కడున్న ఎవరికీ తేడా తెలియడం లేదు."

"నేను చెప్పిందీ అదే కదా, మంగళవారం నాడు."

"అదే చెప్పారు."

బ్రెంట్ రెండు కాగితాలూ మళ్ళీ పోల్చి చూసుకుంటున్నాడు. "తక్కువ స్థాయిది పెట్టండి," అన్నాడు హఠాత్తుగా. "డేటా ఆదా అయ్యేది. దాన్నయినా పడతానా లేదా చూడాలి." అతని గొంతులో పంతం లేదు, భయం ఉంది.

లోర్నా ఒక పెట్టెని అన్నింటికన్నా తక్కువ స్థాయికి దించి, మీటర్ మళ్ళీ సరిచూసింది. పదిసార్లు వేశారు. బ్రెంట్ ఎనిమిది సరిగ్గా చెప్పి బరువుగా ఊపిరి వదిలాడు. సోల్వేగ్ పదికి పదీ చెప్పింది. ఒక్కోదానికీ రెండు క్షణాలు కూడా తీసుకోలేదు. చివరిదానికి పాట మొదలవకముందే చెప్పేసేలా ఉందని రికార్డులాయన అన్నాడు.

"ఎలా పట్టుకున్నారు?" అని అడిగాడు బ్రెంట్.

"పాట ఆగినప్పుడు విన్నాను. వాళ్ళు నోరు మూశాక గోడల్లో కాస్త మిగలాలి. దీంట్లో అది గీరేసినట్టు పోతోంది. మీరంతా పాడుతున్నప్పుడు వింటున్నారు."

వాల్ట్ ముందు గదిలోకి వచ్చి కౌంటర్ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ట్వైట్ గారూ, ఆ డబ్బా ఎప్పుడైనా తెచ్చెయ్యండి. వెనక్కి తీసుకుంటాం. బ్రెంట్, ఆ చీటీల సంగతి ఇక ఎత్తకు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే ఆవిడకి చెప్పు."

బ్రెంట్ చెవులు ఎర్రబడ్డాయి. "మంగళవారం నేను... అందరి ముందూ ఫోన్ తీసి... అలా చెయ్యకూడదండీ," అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగి, అసలు అడగాలనుకున్నది అడిగాడు. "ఆల్టోలు ఎక్కడున్నారో వినడం, అది ఎవరైనా నేర్చుకోవచ్చా?"

సోల్వేగ్ అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. "నీ గొంతు ఎంత కిందికి దిగుతుంది?"

"తెలీదు."

"బుధవారం ఏడింటికి రా, తెలుస్తుంది. నాకు బాస్‌లు ముగ్గురే ఉన్నారు, అందులో ఒకాయన మోకాలి ఆపరేషన్ అయి కర్ర మీద వస్తున్నాడు." లోర్నా వైపు తిరిగింది. "నువ్వూ రా అమ్మాయ్. ఊరికే కూర్చుని విను. ఆ మీటర్ ఇంట్లో పెట్టి రా."

ఆదివారం ఆవిడ పాస్టర్‌తో మాట్లాడింది. ఈస్టర్ దాకా వారానికి రెండు సాధనలు ఉంటాయని, రానివాళ్ళు కారణం రాసి పంపాలని చెప్పింది. ఈ వార్త సోమవారానికల్లా షాపు దాకా వచ్చింది. చెప్పినవాళ్ళు విసుక్కుంటూనే చెప్పారు. లోర్నా ఆ మధ్యాహ్నమంతా ఈల వేస్తూ పని చేసింది.

బుధవారం చర్చి కింది హాల్లో రేడియేటర్లు టకటకమంటున్నాయి. మడత కుర్చీల్లో ముప్ఫై మంది దాకా ఉన్నారు. బ్రెంట్ వెనక వరసలో ఒక మత్స్యకారుడికీ పోస్టాఫీసు ఆయనకీ మధ్య ఇరుక్కుని, కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు. పక్కాయన దాన్ని మెల్లగా సరిగ్గా తిప్పి పెట్టాడు. లోర్నా గోడ పక్క కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పనిముట్టు లేకుండా చేతులేం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

సోల్వేగ్ చెయ్యెత్తింది. అందరూ ఊపిరి తీసుకున్నారు. ఆవిడ చెయ్యి దించేసింది.

"ఎవరైనా వెళ్ళి ఆ ఫ్రిజ్ ఆపండి."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వంటగది హాలు అవతలి కొసన ఉంది. తలుపు మూసే ఉంది.

"ఏ ఫ్రిజ్ అండీ?" అంది ముందు వరసలో ఒకామె.

"వంటగదిలోది. మన మొదటి స్వరానికి కొంచెం కింద పాడుతోంది. సోప్రానోలు దాన్ని పట్టుకునే ఆ మధ్య దిగిపోయారు. వాళ్ళ తప్పు కాదు."

పోస్టాఫీసు ఆయన లేచి వెళ్ళాడు. వంటగది తలుపు తెరుచుకుంది. కాసేపటికి ఏదో ఆగింది. అది ఉందనే ఎవరికీ తెలియదు, ఆగాక మాత్రం హాలు ఒక్కసారిగా విశాలమైంది. ఒకావిడ "అమ్మో!" అని నవ్వింది, ఆ నవ్వు వరసలన్నింటిలోకీ పాకింది. వెనక వరసలో బ్రెంట్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"నవ్వింది చాలు," అంది సోల్వేగ్. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "కాగితాలు పైకెత్తండి. బాస్‌లు, మీరిప్పుడు నలుగురు, నలుగురిలాగే వినబడాలి."

రెండు చేతులూ ఎత్తింది. లోర్నా కళ్ళు మూసుకుంది. సోప్రానోలు ఎడమపక్క లేచారు, బాస్‌లు వెనకనుంచి నేలలా పరుచుకున్నారు, కుడిగా, కొంచెం ముందుకి, పన్నెండు మంది ఆడవాళ్ళు తమ చోట్లో స్థిరంగా నిలబడి పాడారు. కళ్ళు తెరవకుండానే వాళ్ళని ఒక్కొక్కరినే లెక్కపెట్టగలననిపించింది ఆమెకి.